ర్యాలీ పోటీల్లో హైబ్రిడ్ కార్లు: సాంకేతికత, ఖర్చు, రాబోయే నిబంధనలు

ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ అగ్రశ్రేణి కార్లలో 2022 నుంచి 2024 దాకా, మూడు సీజన్ల పాటు, పెట్రోలు ఇంజిన్‌కు తోడుగా విద్యుత్ మోటారు పనిచేసింది. ర్యాలీ1 అని పిలిచే ఈ తరగతి కార్ల నుంచి 2025లో హైబ్రిడ్ పరికరాన్ని తొలగించారు. కార్లు మాత్రం అవే కొనసాగాయి. 2027లో పూర్తిగా కొత్త నిబంధనలు అమల్లోకి వస్తున్నాయి. వాటిలో అన్నిటికంటే ముందు నిలిచే అంశం కారు ధరపై పరిమితి.

అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య, అంటే ఎఫ్‌ఐఏ, ఈ చాంపియన్‌షిప్‌ను 1973 నుంచి నిర్వహిస్తోంది. యాభై ఏళ్లలో కార్ల నిబంధనలు ఎన్నోసార్లు మారాయి. చాలా మార్పుల వెనుక ఉన్నవి రెండే ప్రశ్నలు: కారు ఎంత ప్రమాదకరం, దాన్ని ఎంతమంది కొనగలరు? హైబ్రిడ్ ప్రయోగాన్ని కూడా ఈ రెండు ప్రశ్నల వెలుగులోనే అర్థం చేసుకోవాలి.

ర్యాలీ స్వరూపం

సర్క్యూట్ రేసులో కార్లన్నీ ఒకే ట్రాక్ మీద చుట్లు కొడతాయి. ర్యాలీ అలా కాదు. మామూలు రోడ్లను కొన్ని గంటల పాటు మూసివేసి, వాటి మీద ఒక్కో కారునూ విడివిడిగా కాలంతో పరుగెత్తిస్తారు. ఇలా మూసివేసిన రోడ్డును స్పెషల్ స్టేజి అంటారు. ఒక స్టేజి నుంచి మరో స్టేజికి వెళ్లేటప్పుడు ఆ కార్లే నంబరు ప్లేట్లతో, మామూలు ట్రాఫిక్‌లో, వేగ పరిమితులు పాటిస్తూ సాగుతాయి. డ్రైవర్ పక్కన కూర్చున్న కో-డ్రైవర్ ముందుగా రాసుకున్న పేస్ నోట్స్ చదువుతూ రాబోయే ప్రతి మలుపునూ చెబుతుంటాడు. మంచు, కంకర, మట్టి, తారు ఏదైనా కావచ్చు. ఫిన్లాండ్ అడవుల్లో కార్లు గాల్లోకి లేస్తాయి. కెన్యా సఫారీ ర్యాలీలో అవే కార్లు బురదలో, నీటి మడుగుల్లో దిగబడతాయి.

హైబ్రిడ్ వ్యవస్థకు ఇదే అసలు పరీక్ష. చదునైన ట్రాక్ మీద తిరిగే ఫార్ములా వన్ కారులో 2014 నుంచి హైబ్రిడ్ ఇంజిన్లు ఉన్నాయి. ర్యాలీ కారులో మాత్రం బ్యాటరీ రాళ్ల దెబ్బలకు, కుదుపులకు, నీటికి, పల్టీలకు తట్టుకోవాలి. పైగా ప్రమాదం జరిగిన చోట ముందుగా చేరుకునేది శిక్షణ పొందిన అగ్నిమాపక దళం కాకపోవచ్చు. చాలాసార్లు రోడ్డు పక్కన నిలబడిన ప్రేక్షకులే పరుగెత్తుకొస్తారు.

నిబంధనల చరిత్ర

1982లో మొదలైన గ్రూప్ బి తరగతిలో 200 కార్లు తయారు చేస్తే చాలు, పోటీకి అర్హత దొరికేది. ఆడి క్వాట్రో నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే పద్ధతితో ర్యాలీ తీరునే మార్చేసింది. శక్తి పెరిగిన కొద్దీ ప్రమాదాలూ పెరిగాయి. 1986 పోర్చుగల్ ర్యాలీలో ఒక కారు ప్రేక్షకుల మీదికి దూసుకెళ్లి కొందరి ప్రాణాలు తీసింది. అదే ఏడాది మే నెలలో కోర్సికా ర్యాలీలో లాన్సియా డెల్టా ఎస్4 లోయలో పడి తగలబడింది. డ్రైవర్ హెన్రీ టోయివోనెన్, కో-డ్రైవర్ సెర్జియో క్రెస్టో మరణించారు. ఆ సీజన్‌తోనే గ్రూప్ బి ముగిసింది.

తర్వాత వచ్చిన గ్రూప్ ఏ కార్లు షోరూముల్లో వేల సంఖ్యలో అమ్ముడయ్యే కార్లకు దగ్గరగా ఉండాలి. లాన్సియా 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరుసార్లు తయారీదారుల టైటిల్ గెలుచుకుంది. అయితే టర్బో ఇంజిన్, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న రోడ్డు కారును అన్ని వేల సంఖ్యలో తయారు చేయడం చాలా కంపెనీలకు సాధ్యం కాలేదు. ఆ అడ్డంకిని తొలగించడానికి 1997లో వరల్డ్ ర్యాలీ కారు తరగతి వచ్చింది. మామూలు కుటుంబ కారునే పోటీ కోసం పూర్తిగా మార్చుకునే వెసులుబాటు దొరికింది.

కంపెనీలు వరస కట్టాయి. వాటితో పాటు ఖర్చూ పెరిగింది. 2005 సీజన్ ముగిసేసరికి మిత్సుబిషి, ప్యూజో, స్కోడా ఫ్యాక్టరీ జట్లు తప్పుకున్నాయి. సిత్రోయెన్ కూడా ఒక ఏడాది ఫ్యాక్టరీ జట్టును పక్కనపెట్టి 2007లో తిరిగివచ్చింది. ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చిన 2008 డిసెంబరులో సుజుకి, సుబారు కొద్ది రోజుల తేడాతో వెళ్లిపోయాయి. రెండు ప్రధాన కంపెనీలతోనే చాంపియన్‌షిప్‌ను నెట్టుకురావాల్సిన పరిస్థితి ఏర్పడింది. 2011లో ఇంజిన్‌ను 2 లీటర్ల నుంచి 1.6 లీటర్ల టర్బోకు తగ్గించారు. ఫోక్స్‌వాగన్, హ్యుందయ్, టొయోటా వచ్చాయి. ఫోక్స్‌వాగన్ 2016లో, సిత్రోయెన్ 2019లో మళ్లీ నిష్క్రమించాయి. హైబ్రిడ్ శకం మొదలయ్యేనాటికి మిగిలింది మూడు జట్లు: టొయోటా, హ్యుందయ్, ఫోర్డ్ కార్లు నడిపే బ్రిటిష్ సంస్థ ఎం-స్పోర్ట్.

హైబ్రిడ్ వైపు ఎందుకు మళ్లారు

కార్ల కంపెనీలు ర్యాలీకి డబ్బు పెట్టేది రోడ్డు మీద తమ కార్లు అమ్ముకోవడానికే. యూరప్‌లో కాలుష్య నిబంధనలు బిగుస్తుండటంతో ఆ కంపెనీల షోరూములు హైబ్రిడ్, విద్యుత్ కార్లతో నిండసాగాయి. పాత పద్ధతి ఇంజిన్‌తోనే నడిచే క్రీడకు బోర్డు సమావేశాల్లో నిధులు అడగడం కష్టమైంది. ఉన్న కంపెనీలను నిలుపుకోవాలన్నా, కొత్తవాటిని రప్పించాలన్నా విద్యుత్ శక్తి తప్పదని ఎఫ్‌ఐఏ భావించింది. ఆ ఆలోచనతోనే 2022 నుంచి హైబ్రిడ్ తప్పనిసరి చేసింది.

వ్యవస్థ నిర్మాణం, పనితీరు

అన్ని జట్లకూ ఒకే హైబ్రిడ్ యూనిట్. షాఫ్లర్ సంస్థకు చెందిన జర్మనీ కంపెనీ కాంపాక్ట్ డైనమిక్స్ దాన్ని సరఫరా చేసింది. బ్యాటరీ ఆస్ట్రియాకు చెందిన క్రైజెల్ ఎలక్ట్రిక్‌ది. మోటారు, బ్యాటరీ, నియంత్రణ పరికరం మూడింటినీ కలిపి కార్బన్ ఫైబర్ పెట్టెలో సీలు చేసి కారు వెనుక భాగంలో అమర్చేవారు. బరువు సుమారు 87 కిలోలు. మోటారు శక్తి 100 కిలోవాట్లు, అంటే దాదాపు 134 హార్స్‌పవర్. సుమారు 380 హార్స్‌పవర్ ఇచ్చే 1.6 లీటర్ల టర్బో ఇంజిన్‌కు ఇది తోడైతే మొత్తం 500 దాటుతుంది.

బ్యాటరీ సామర్థ్యం 3.9 కిలోవాట్ అవర్లు. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే నాలుగు యూనిట్ల లోపు. 100 కిలోవాట్ల మోటారును ఆపకుండా నడిపితే ఈ నిల్వ రెండు నిమిషాల ఇరవై సెకన్లకు మించి రాదు. ఒక్కో స్టేజి పది నిమిషాలకు పైగా సాగవచ్చు. రోజుకు అలాంటివి ఆరేడు ఉండవచ్చు. కాబట్టి వాడిన శక్తిని దారిలోనే తిరిగి రాబట్టుకోవాలి. డ్రైవర్ బ్రేకు వేసినప్పుడు మోటారు జనరేటర్‌గా మారి బ్యాటరీని నింపేది. నిర్ణీత మోతాదులో శక్తి వెనక్కి వస్తేనే తర్వాతి బూస్ట్ అందేది. శక్తి ఎంత వేగంగా, ఎంతసేపు విడుదల కావాలో ముందుగా సిద్ధం చేసిన మ్యాపుల నుంచి డ్రైవర్ ఎంచుకునేవాడు. దీనివల్ల బ్రేకు వేసే పద్ధతిలోనే ఒక కొత్త నైపుణ్యం చేరింది. మలుపు దగ్గర కారును అదుపు చేస్తూనే తర్వాతి బూస్ట్‌కు సరిపడా శక్తిని కూడబెట్టాలి.

స్టేజికీ స్టేజికీ మధ్య కొన్ని ప్రాంతాలను విద్యుత్ జోన్లుగా ప్రకటించేవారు. జట్లు కార్లను బాగుచేసుకునే సర్వీస్ పార్కు పరిసరాల్లో, ఊళ్లలో కారు ఇంజిన్ ఆపి మోటారుతోనే నడవాలి. పూర్తి చార్జితో అలా 20 కిలోమీటర్ల దాకా వెళ్లగలిగేది. సర్వీస్ పార్కులో బయటి చార్జర్ తగిలించి బ్యాటరీని నింపేవారు.

హైబ్రిడ్ ఒక్కటే పెడితే ఖర్చు అదుపు తప్పుతుందని మిగతా సాంకేతికతను సరళం చేశారు. ఆరు గేర్ల స్థానంలో అయిదు గేర్లు వచ్చాయి. ముందు, వెనుక చక్రాల మధ్య శక్తిని పంచే ఎలక్ట్రానిక్ సెంటర్ డిఫరెన్షియల్‌ను తీసేశారు. సస్పెన్షన్ కదలికను తగ్గించారు, బాడీ మీద గాలిని మళ్లించే అమరికలకు కోత పెట్టారు. అయినా కారు కనీస బరువు 1,190 కిలోల నుంచి 1,260 కిలోలకు పెరిగింది.

భద్రత

ర్యాలీ1 తరంలో అతి విలువైన మార్పు మోటారు కాదు, గొట్టాలతో నిర్మించిన భద్రతా చట్రం. అంతకుముందు షోరూము కారు బాడీ లోపల రోల్ కేజ్ బిగించేవారు. 2022 నుంచి మొదట ఈ ఉక్కు చట్రాన్ని నిర్మించి, దాని మీద ఆయా కార్ల ఆకారాన్ని తొడిగారు. కొత్త నిబంధనల తొలి పోటీ అయిన 2022 మోంటే కార్లో ర్యాలీలో ఏడ్రియన్ ఫూర్మో నడిపిన ఫోర్డ్ ప్యూమా రోడ్డు తప్పి కొండవాలు మీద పల్టీలు కొట్టింది. కారు తుక్కయింది. డ్రైవర్, కో-డ్రైవర్ ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు.

విద్యుత్ భద్రతకు వేరే నియమాలు వచ్చాయి. కారు మీద పచ్చ దీపం వెలిగితే ముట్టుకోవచ్చు. ఎర్ర దీపం వెలిగితే సిబ్బంది సైతం దూరంగా ఉండాలి. గట్టి దెబ్బ తగిలితే సెన్సర్లు వ్యవస్థను ఆపేసేవి. మార్షల్స్‌కు, మెకానిక్‌లకు ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. సీలు వేసిన పెట్టెను తెరిచే అధికారం జట్ల మెకానిక్‌లకు లేదు. లోపం వస్తే యూనిట్‌ను సరఫరాదారుకు అప్పగించడమే మార్గం. కారు విరిగితే రోడ్డు పక్కనే సుత్తి, తాడు, టేపుతో బాగుచేసుకుని ముందుకు సాగడం ర్యాలీ సంప్రదాయం. ఆ సంప్రదాయంలో పెరిగిన మెకానిక్‌లకు ఈ పరికరం చేతికందని వస్తువుగా మిగిలింది.

మూడు సీజన్ల ఫలితాలు

హైబ్రిడ్ కారుతో మొదటి విజయం సెబాస్టియన్ లోబ్‌ది. 2022 మోంటే కార్లోలో సెబాస్టియన్ ఓజియేను 10.5 సెకన్ల తేడాతో ఓడించి, 47 ఏళ్ల వయసులో ప్రపంచ ర్యాలీ గెలిచిన అతి పెద్ద వయస్కుడిగా నిలిచారు. ఆయన కో-డ్రైవర్ ఇసబెల్ గల్మిష్ వృత్తిరీత్యా గణిత ఉపాధ్యాయురాలు. అదే ఏడాది అక్టోబరులో ఫిన్లాండ్ యువకుడు కల్లే రొవాన్‌పెరా, 22వ పుట్టినరోజు మర్నాడే, అతి పిన్న ప్రపంచ చాంపియన్ అయ్యారు. 2023 టైటిల్ కూడా ఆయనదే. 2024లో హ్యుందయ్ డ్రైవర్ తియెరీ న్యూవిల్ గెలిచారు. తయారీదారుల టైటిల్ మూడేళ్లూ టొయోటాకే దక్కింది.

క్రీడా ప్రమాణంలో లోటు లేదు. లోటంతా పాల్గొనేవారి సంఖ్యలోనే. హైబ్రిడ్‌ను చూసి నాలుగో కంపెనీ రాలేదు. పెద్ద ర్యాలీల్లో సైతం అగ్రశ్రేణి కార్లు పది అటూ ఇటూగానే కనిపించాయి.

ఖర్చు

ఒక ర్యాలీ1 కారు తయారీకి సుమారు పది లక్షల యూరోలు అవుతుందని ర్యాలీ వర్గాల అంచనా. హైబ్రిడ్ యూనిట్ అద్దె, విడిభాగాలు, సిబ్బంది, ఖండాల మధ్య రవాణా దీనికి అదనం. సొంత డబ్బుతోనో చిన్న స్పాన్సర్ల అండతోనో పోటీపడే డ్రైవర్‌కు ఈ స్థాయి అందదు.

దీనికి పక్కనే మరో లోకం ఉంది. 2013లో ఆర్5 పేరుతో మొదలై ఇప్పుడు ర్యాలీ2 అంటున్న తరగతి ధర పరిమితి మీద పుట్టింది. మొదట ఆ పరిమితి 1,80,000 యూరోలు. ఇంజిన్ అదే 1.6 లీటర్ల టర్బో, 32 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్‌తో సుమారు 290 హార్స్‌పవర్. రెస్ట్రిక్టర్ అంటే టర్బోలోకి వెళ్లే గాలిని నియంత్రించే ఇరుకు ద్వారం. దాని వ్యాసం తగ్గితే శక్తి తగ్గుతుంది. స్కోడా, ఫోర్డ్, హ్యుందయ్, సిత్రోయెన్, టొయోటా ఈ కార్లను ప్రైవేటు జట్లకు అమ్ముతున్నాయి. లాన్సియా కూడా 2026లో ఇదే తరగతి కారుతో ర్యాలీకి తిరిగి రావాలని నిర్ణయించింది. జాతీయ చాంపియన్‌షిప్‌ల నుంచి ప్రపంచ పోటీల దాకా ఒకే కారు పనికొస్తుంది, వాడాక మళ్లీ అమ్ముకోవచ్చు. ర్యాలీ1కు లేని సంత ర్యాలీ2కు ఉంది.

హైబ్రిడ్ తొలగింపు

ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మొహమ్మద్ బిన్ సులాయెమ్ స్వయంగా ర్యాలీ డ్రైవర్. మధ్యప్రాచ్య చాంపియన్‌షిప్‌ను 14 సార్లు గెలిచారు. ఆయన హయాంలో ర్యాలీ నిబంధనల సమీక్షకు ఏర్పాటైన కార్యబృందానికి ఇద్దరు మాజీ కో-డ్రైవర్లు నాయకత్వం వహించారు. వారిలో డేవిడ్ రిచర్డ్స్ 1981లో ఆరి వాటనెన్‌తో, రాబర్ట్ రీడ్ 2001లో రిచర్డ్ బర్న్స్‌తో కలిసి ప్రపంచ టైటిల్ గెలిచినవారు.

బృందం సూచనల మేరకు 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌ఐఏ సంచలన ప్రకటన చేసింది: 2025 నుంచి ర్యాలీ1లో హైబ్రిడ్ ఉండదు, శక్తి తగ్గుతుంది, ర్యాలీ2 కార్లను ప్రత్యేక కిట్‌తో అగ్రశ్రేణికి దగ్గర చేస్తారు. జట్లు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. కోట్లు వెచ్చించి తయారు చేసిన కార్లను మధ్యలో మార్చమనడం సరికాదన్నాయి. జూన్‌లో ఎఫ్‌ఐఏ వెనక్కి తగ్గింది. చివరికి చర్చల తర్వాత నవంబరులో హైబ్రిడ్ యూనిట్ తొలగింపు ఖరారైంది. 2025, 2026 సీజన్లకు కనీస బరువును 1,180 కిలోలకు, రెస్ట్రిక్టర్‌ను 36 నుంచి 35 మిల్లీమీటర్లకు తగ్గించారు. మోటారు పోయినా బరువు తగ్గడంతో శక్తికీ బరువుకూ ఉన్న నిష్పత్తి పెద్దగా దెబ్బతినకూడదని వారి లెక్క.

లెక్క తప్పలేదు. 2025లో రొవాన్‌పెరా గెలిచిన ఫిన్లాండ్ ర్యాలీ, గంటకు దాదాపు 130 కిలోమీటర్ల సగటుతో, చాంపియన్‌షిప్ చరిత్రలోనే అతి వేగవంతమైన పోటీగా నమోదైంది. ఆ ఏడాది ఓజియే తొమ్మిదో టైటిల్ గెలిచి లోబ్ రికార్డును సమం చేశారు.

పర్యావరణ లక్ష్యాన్ని మాత్రం ఎఫ్‌ఐఏ వదిలేయలేదు. 2022 నుంచే అగ్రశ్రేణి కార్లు ముడిచమురుతో పనిలేని ఇంధనంతో నడుస్తున్నాయి. జీవ ఇంధనాలు, కృత్రిమంగా తయారు చేసిన హైడ్రోకార్బన్‌ల మిశ్రమమది. మొదట పీ1 ఫ్యూయల్స్, 2025 నుంచి టోటల్ ఎనర్జీస్ సరఫరా చేస్తున్నాయి. ఉన్న ఇంజిన్‌లోనే వాడుకోగలగడం దీని బలం. కారు బరువు పెరగదు, మెకానిక్‌కు కొత్త ప్రమాదం లేదు.

2027 నిబంధనలు

2024 డిసెంబరులో రువాండా రాజధాని కిగాలీలో జరిగిన ప్రపంచ మోటార్ స్పోర్ట్ మండలి సమావేశం కొత్త నిబంధనల స్వరూపాన్ని ఆమోదించింది. ముఖ్యాంశాలు ఇవి:

- కారు ధర 3,45,000 యూరోలకు మించకూడదు. మన లెక్కలో మూడు కోట్ల రూపాయలకు పైమాటే, అయినా ర్యాలీ1 ఖర్చులో సగం కంటే తక్కువ.
- గొట్టాల భద్రతా చట్రం కొనసాగుతుంది. దాని మీద చిన్న హ్యాచ్‌బ్యాక్ మొదలుకొని పెద్ద ఎస్‌యూవీ దాకా ఏ ఆకారాన్నయినా తొడగవచ్చు.
- శక్తి సుమారు 300 హార్స్‌పవర్. ఇంజిన్ మొదలైన ప్రధాన భాగాలు ర్యాలీ2 నుంచి తీసుకోవచ్చు.
- కార్ల కంపెనీలే కాక స్వతంత్ర ఇంజినీరింగ్ సంస్థలు కూడా కారును నిర్మించి పోటీకి దించవచ్చు.
- మొదట పెట్రోలు తరహా ఇంజిన్, శిలాజేతర ఇంధనం. పరిస్థితులు అనుకూలిస్తే హైబ్రిడ్, విద్యుత్ వ్యవస్థలకు తర్వాత చోటు ఉంటుంది.

ఫార్ములా వన్‌లో పరిమితి జట్టు ఏడాది ఖర్చు మీద ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే ఆడిటర్లు కావాలి. ర్యాలీలో కారు ధర మీద పెట్టారు. విడిభాగాల ధరల పట్టికతో దాన్ని సరిచూడవచ్చు, ప్రైవేటు జట్టుకు తాను కొనబోయే కారు వెల ముందే తెలుస్తుంది. అయితే కారు చౌకైనంత మాత్రాన జట్టు ఖర్చు తగ్గదు. పరీక్షలు, రవాణా, సిబ్బంది విషయంలోనూ కోత పడితేనే పరిమితికి అర్థం ఉంటుంది.

ఇతర ప్రయోగాలు

ర్యాలీలో విద్యుత్ శక్తికి ఇతర దారులూ ఉన్నాయి. జర్మనీలో ఓపెల్ 2021లో కోర్సా-ఈ కార్లతో పూర్తి విద్యుత్ ర్యాలీ కప్ ప్రారంభించింది. ఎడారి ర్యాలీలో ఆడి ఆర్ఎస్ క్యూ ఈ-ట్రాన్ మరో పద్ధతి చూపింది. చక్రాలను తిప్పేది మోటార్లే, పెట్రోలు ఇంజిన్ పని బ్యాటరీ నింపడం. 2024 డకార్ ర్యాలీని ఆ కారుతో 61 ఏళ్ల కార్లోస్ సైంజ్ గెలిచారు. ఆ వెంటనే ఆడి డకార్ నుంచి తప్పుకుంది. హైడ్రోజన్‌ను నేరుగా ఇంజిన్‌లో మండించే యారిస్‌ను టొయోటా 2022 ఈప్ర ర్యాలీలో ప్రదర్శించింది. దాన్ని మాజీ చాంపియన్ యుహా కాంకునెన్ నడిపారు.

చిన్న సర్క్యూట్ల మీద ర్యాలీ తరహా కార్లు పోటీపడే ర్యాలీక్రాస్ అనుభవం ఒక హెచ్చరిక. ప్రపంచ ర్యాలీక్రాస్ 2022లో పూర్తిగా విద్యుత్ కార్లకు మారింది. 2023 జులైలో ఇంగ్లండ్‌లోని లిడెన్ హిల్‌లో ఒక జట్టు రెండు కార్లూ అగ్నికి ఆహుతయ్యాయి. ఆ పోటీ రద్దయింది. మరుసటి ఏడాది ఇంజిన్ కార్లను మళ్లీ అనుమతించారు.

భారత్‌తో సంబంధం

చెన్నైకి చెందిన టైర్ల కంపెనీ ఎంఆర్ఎఫ్ ధర పరిమితి ఉన్న కార్ల విలువకు మంచి ఉదాహరణ. ఆ కంపెనీ జట్టు తరఫున ఢిల్లీ డ్రైవర్ గౌరవ్ గిల్ 2013, 2016, 2017లో ఆసియా-పసిఫిక్ చాంపియన్ అయ్యారు. చివరి రెండు టైటిళ్లు స్కోడా ఫాబియా ఆర్5 కారుతో వచ్చాయి. మోటార్ స్పోర్ట్ నుంచి అర్జున అవార్డు అందుకున్న తొలి క్రీడాకారుడు ఆయనే. 2022లో ఎఫ్రెన్ లియరేనా ఎంఆర్ఎఫ్ టైర్లతోనే యూరోపియన్ ర్యాలీ చాంపియన్‌షిప్ గెలిచారు. భారతీయ కంపెనీ యూరప్ శిఖరానికి చేరిన దారి కొనుక్కోగల కారు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్ తీరాన 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ కార్లు పరుగెత్తినప్పుడు తెలుగు ప్రేక్షకులు విద్యుత్ రేసింగ్‌ను దగ్గర నుంచి చూశారు. నగర సర్క్యూట్‌కు అది నప్పింది. కొండదారుల ర్యాలీకి అదే సూత్రం యథాతథంగా పనికిరాదు.

మూల్యాంకనం

హైబ్రిడ్ ప్రయోగాన్ని సాంకేతిక వైఫల్యం అనడం అన్యాయం. 100 కిలోవాట్ల మోటారు మంచులోనూ బురదలోనూ మూడేళ్లు పనిచేసింది, పెద్ద ప్రమాదానికి కారణం కాలేదు. విఫలమైంది దాని ఆర్థిక రూపం. ఒకే సరఫరాదారు, మెకానిక్ తెరవలేని పెట్టె, పెరిగిన బరువు, పెరిగిన ఖర్చు కలిసి ఒక్క కొత్త కంపెనీని కూడా తీసుకురాలేకపోయాయి. 2005, 2008 నిష్క్రమణలు చెప్పిన పాఠమే మళ్లీ ఎదురైంది: ర్యాలీకి ప్రాణం పోసేది బరిలో దిగే కార్ల సంఖ్య. 2027 నిబంధనలను వేగంతోనో కొత్త పరికరాలతోనో కొలవకూడదు. మూడు జట్లు ఆరో ఏడో అయ్యాయా, ప్రైవేటు డ్రైవర్ మళ్లీ అగ్రశ్రేణి కారు కొని గెలుపు కోసం పోరాడగలుగుతున్నాడా అన్నదే వాటికి సరైన కొలమానం.